శాంతమూర్తి నేర్చుకున్న విద్య

మూడు రోజుల గుర్రాల క్లినిక్‌కు వెళ్తున్నామని ఫోనులో చెప్పగానే మా అత్తగారు కంగారుపడ్డారు. "ఎవరికి ఒంట్లో బాగాలేదు, గుర్రానికా, మీకా?" అని అడిగారు. అమెరికాలో గుర్రాలవాళ్ళ భాషలో క్లినిక్ అంటే ఆసుపత్రి కాదనీ, గుర్రాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, చేయి తిరిగిన శిక్షకుడి దగ్గర మెలకువలు నేర్చుకునే తరగతి అనీ వివరంగా చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే మీకే అన్నమాట" అన్నారు.

మా గుర్రం పేరు శాంతమూర్తి. పేరుబలం మీద నమ్మకంతో మా ఆవిడ పెట్టిన పేరు అది. మూడేళ్ళ మగ గుర్రం, ముదురు గోధుమ రంగు, మూపు దగ్గర కొలిస్తే పద్నాలుగు బెత్తెల ఎత్తు. ఇక్కడ బెత్తె అంటే నాలుగంగుళాలు. కొలిచింది నేను కాదు, కాగితాల్లో రాసి ఉంది. నన్ను కొలవనిస్తే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

అమెరికా పడమటి రాష్ట్రాల బీడుభూముల్లో తిరిగే ఈ గుర్రాలను మస్టాంగులంటారు. మనవాళ్ళకు అర్థం కావాలని 'అడవి గుర్రం' అని చెబుతుంటాను గానీ అందులో రెండు అబద్ధాలున్నాయి. ఇది పుట్టిన నెవాడా బీళ్ళలో కనుచూపు మేర చెట్టు లేదు. పోనీ జాతి రీత్యా అడవిదా అంటే అదీ కాదు. ఉత్తర అమెరికాలో గుర్రాలు సుమారు పదివేల ఏళ్ళ కిందటే అంతరించిపోతే, 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళు ఓడల్లో మళ్ళీ తెచ్చారు. అలా వచ్చినవాటిలోనూ, ఆ తర్వాత రైతుల దగ్గరా సైన్యాల దగ్గరా పెరిగినవాటిలోనూ తాళ్ళు తెంపుకుని పోయినవాటి సంతానమే ఈ మందలన్నీ. అంటే శాంతమూర్తి ముత్తాతల ముత్తాతలు నికార్సుగా జీను మోసినవాళ్ళే. ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన వంశం.

వీటిని రక్షించడానికి 1971లో చట్టం వచ్చింది. దాని వెనక వెల్మా జాన్‌స్టన్ అనే నెవాడా మహిళ పోరాటం ఉంది. 1950లో రోడ్డు మీద వెళ్తూ, ముందున్న లారీలోంచి నెత్తురు కారడం చూసి ఆరా తీస్తే, అందులో ఉన్నవి కబేళాకు తీసుకెళ్తున్న ఈ గుర్రాలే. ఆ కథ చదివి కళ్ళు చెమర్చిన రాత్రే నేను దరఖాస్తు నింపాను. రాత్రిపూట దరఖాస్తులు నింపకూడదని నాకిప్పుడు తెలుసు.

మందలు మేతకు మించి పెరిగినప్పుడు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ కొన్నిటిని పట్టి దత్తత ఇస్తుంది. నేను కట్టిన రుసుము 125 డాలర్లు. ఆ అంకె చూసే పడిపోయాను. మనిషి చేయి తగలని పెద్ద గుర్రానికి ఆరడుగుల ఎత్తు కంచె ఉండాలి, కనీసం 400 చదరపు అడుగుల దొడ్డి ఉండాలి, ఏడాది పాటు సవ్యంగా చూసుకుంటే గానీ హక్కుపత్రం చేతికి రాదు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడి కథ మనకు తెలుసు. నేను గుర్రం చవకగా దొరికిందని కంచె కొన్నవాణ్ణి.

దాని మెడకు ఎడమ పక్కన, జూలు కింద, ప్రభుత్వం వేసిన ముద్ర ఉంటుంది. కాల్చి వేసిన వాత కాదది. ద్రవ నత్రజనిలో చల్లబరిచిన అచ్చును ఒత్తితే అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. వడ్రంగి మూలమట్టాల్ని వరుసగా పేర్చినట్టుండే ఆ గీతల్లో పుట్టిన సంవత్సరం, నమోదు సంఖ్య దాగి ఉంటాయి. మూడు నెలల పాటు ఆ ముద్రను నేను బైనాక్యులర్లతో చదివాను. అంతకన్నా దగ్గరికి వెళ్తే శాంతమూర్తి దొడ్డి అవతలి మూలకు మకాం మార్చేది.

అందుకే క్లినిక్. బయలుదేరే రోజున దాన్ని ట్రైలర్ ఎక్కించడానికి ఇరుగుపొరుగువాళ్ళు నలుగురు, కంచె పలకలు ఎనిమిది, సమయం రెండు గంటల పది నిమిషాలు పట్టాయి. ఆ సందర్భం కోసం నేను మీగడ రంగు ఉన్ని టోపీ కూడా కొన్నాను, వెడల్పాటి అంచుతో. నూట నలభై డాలర్లు. "నెత్తి మీద గుర్రం కన్నా ఖరీదైన వస్తువు పెట్టుకుని తిరుగుతున్నారు, జాగ్రత్త" అంది మా ఆవిడ.

శిక్షకుడు డెబ్బై దాటిన మనిషి. టామ్ డోరెన్స్, రే హంట్ వంటి పెద్దలు చూపిన మెత్తని దారివాడు. గుర్రాన్ని కట్టిపడేసి లొంగదీసే పాత పద్ధతి మాటెత్తితేనే ముఖం ముడుచుకునేవాడు. గొంతు పెంచడు, చెయ్యి విసరడు, నడిస్తే దుమ్ము కూడా లేవదు. మా శాంతమూర్తిని ఆయన 'శాంటీ' అన్నాడు. నేను సరిదిద్దబోతే మా ఆవిడ మోచేత్తో పొడిచింది. ఆవిడ మాత్రం కంచె బయట బల్ల మీద కూర్చుని, నా నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుంది.

మొదటి రోజంతా గుండ్రటి దొడ్డిలో దగ్గరికి వెళ్ళడం, వెనక్కి రావడం. అంతే. గుర్రం కళ్ళు తలకు చెరో పక్క ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుందట, నుదుటికి సూటిగా ముందున్న కాస్త చోటు, తోక వెనకాల కాస్త చోటు తప్ప. నేను మూడు నెలలుగా స్నేహభావంతో చేతులు చాచి వెళ్తున్నది సరిగ్గా ఆ మొదటి చోటుకే. దాని దృష్టిలో నేను ఒక మనిషిగా బయలుదేరి, దగ్గరికి వచ్చేసరికి మాయమైపోయేవాణ్ణి. దయ్యాన్ని చూసి పారిపోయే జంతువును పిరికిదని తిట్టుకున్నాను.

సాయంత్రం ఆయన అసలు సూత్రం చెప్పాడు. "తాడు బిగించినప్పుడు గుర్రం ఏమీ నేర్చుకోదు. వదిలినప్పుడు నేర్చుకుంటుంది. మీరు వదిలిన క్షణంలో తాను ఏం చేస్తూ ఉందో, అదే సరైన జవాబు అనుకుంటుంది." నేను వెంటనే నోటుపుస్తకం అడిగి తీసుకుని, రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశాను. గీతలు గీయడంతో నా బాధ్యత తీరిందని మనసులో ఉంది.

రెండో రోజు ఉదయానికి ఆయనే శాంతమూర్తికి హాల్టర్ తగిలించి ఇచ్చాడు. హాల్టర్ అంటే నోట్లో ఇనుప ముక్క లేకుండా తాడుతో అల్లిన తలకట్టు. పాఠం చాలా చిన్నది. తాడును కిందికి కొంచెం బిగించి పట్టుకోవాలి. గుర్రం తల దించగానే వదలాలి. పసిపిల్లలకు అ ఆ లు ఎలాగో దీనికి ఇది అలాగ.

బిగించి పట్టుకున్నాను. శాంతమూర్తి తల దించలేదు. ఒక చెవి నా వైపు, ఒక చెవి పొరుగు గుర్రం వైపు పెట్టి ఆలోచించింది. తర్వాత మెడ సాచి నా టోపీని వాసన చూసింది. ముక్కుపుటాల్లోంచి ఎండుగడ్డి వాసన వేసే వెచ్చటి గాలి నా చెవి మీదుగా మెడలోకి దిగింది. గుర్రం పైపెదవిని మీరు దగ్గర్నుంచి చూశారో లేదో, అది పెదవి కాదు, వేలు. ఆ పెదవి టోపీ అంచును ఒక చివర నుంచి ఇంకో చివరకు, బట్టల దుకాణంలో చీర పోగు పరీక్షించే పెద్ద ముత్తయిదువలా తడిమింది. మీసాల్లాంటి పొడుగు వెంట్రుకలు నా కణతకు తగిలి చక్కిలిగిలి పెట్టాయి. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, ఏమాత్రం తొందర లేకుండా, టోపీని పైకి ఎత్తింది.

నూట నలభై డాలర్లు గాలిలో ఉంటే మనిషి ఏం చేస్తాడు? రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాను. తాడు జారిపోయింది. టోపీ కింద పడింది. దుమ్ము దులిపి పెట్టుకుని, తాడు పట్టుకుని, మళ్ళీ బిగించాను. ఈసారి అది అంతసేపు ఆలోచించలేదు.

మూడోసారి కోపం వచ్చింది. కానీ గుర్రం దగ్గర కోపం పనికిరాదని గ్రీకు సేనాని జెనోఫోన్ క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే రాశాడని పొద్దున్నే పాఠంలో విన్నాను. రెండువేల మూడువందల ఏళ్ళ పైబడిన సలహాను కాదనడానికి మనసొప్పక, నవ్వుతూ టోపీ తీసుకుని నవ్వుతూ పెట్టుకున్నాను. నవ్వు దానికి ఇంకో బహుమతి అయింది కాబోలు. మధ్యాహ్నానికి నేను తాడు మీద చెయ్యి వేస్తే చాలు, శాంతమూర్తి మెడ నా భుజం మీదుగా వచ్చేసేది.

శిక్షకుడు కంచెకు ఆనుకుని ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు. "చాలా బాగా నేర్పారు" అన్నాడు.

"ఏమిటి? అది ఒక్కసారి కూడా తల దించలేదండీ."

"టోపీ తీయడం. తాడు బిగిస్తే టోపీ తీయాలి, తీస్తే తాడు వదులుతారు. ఇంత స్పష్టంగా పాఠం చెప్పినవాళ్ళను ఈ మధ్య చూడలేదు. ఎన్నిసార్లు వదిలారు?"

నేను లెక్కపెట్టలేదు. కంచె బయట నుంచి మా ఆవిడ నోటుపుస్తకం ఎత్తి చూపించింది. నేను గీసిన రెండు గీతల కింద, పాలవాడి ఖాతాలా, నిలువు గీతలు వరుసగా ఉన్నాయి. పదకొండు.

టోపీ తీసేసి కారు వెనక సీట్లో పెట్టి తాళం వేశాను. దాంతో ఒక సమస్య తీరి రెండు వచ్చాయి. ఒకటి, నా నెత్తి మీద జుట్టు గురించి ఇక్కడ రాయదలచుకోలేదు గానీ, మధ్యాహ్నపు ఎండకు అది టమాటా రంగు తిరిగింది. రెండు, నా దగ్గర జవాబు దొరకని శాంతమూర్తి, ఇతరుల దగ్గర వెతకడం మొదలుపెట్టింది. దొడ్డి శుభ్రం చేసే కుర్రాడి టోపీ పోయింది. పొరుగు గుర్రం యజమానురాలి గడ్డి టోపీ పోయింది, దాన్ని మేతగా భావించి కొంత తినేసింది కూడా. మూడో రోజు ఉదయం దాన్ని దొడ్డి చుట్టూ నడిపిస్తుంటే, కంచె వెంబడి నిలబడ్డ వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు టోపీలు తీసి గుండెలకు ఆనించుకున్నారు. అప్పుడే వచ్చిన ఒక పెద్దాయన జాతీయ గీతం మొదలైందనుకుని తానూ తీశాడు.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. టోపీ కోసం వెతికే గుర్రం మనిషికి దూరంగా నిలబడలేదు. ఆ మూడో రోజు మధ్యాహ్నం శాంతమూర్తి నా బోడి నెత్తిని తడిమి, నిరాశపడి, చెవులు పక్కలకు వేలాడేసి, ఒక వెనక కాలి గిట్ట మొన మీద ఆనించి, నిలబడే కునుకు తీసింది. నేను ఊపిరి బిగబట్టి దాని మెడ ఎడమ పక్కన చెయ్యి పెట్టాను. ముద్ర ఉన్నచోట తెల్ల వెంట్రుకలు, చుట్టూ ఉన్నవాటిలాగే మెత్తగా ఉన్నాయి. బైనాక్యులర్లలో మూడు నెలలు చదివిన అంకెల్లో ఒకటి తప్పు చదివానని కూడా అప్పుడే తెలిసింది. తల కూడా దించడం నేర్చుకుంది, నాలుగు సార్లకు ఒకసారి. మిగతా మూడుసార్లు నెత్తి తడిమి చూసుకునేది.

క్లినిక్ ముగిసింది. అందరి గుర్రాలూ బుద్ధిగా ట్రైలర్లెక్కి వెళ్ళిపోయాయి. శిక్షకుడు మరో ఊళ్ళో తరగతి ఉందని మధ్యాహ్నమే బయలుదేరాడు. మైదానంలో మేమిద్దరం, శాంతమూర్తి, తలుపు తెరిచిన ట్రైలర్ మిగిలాం. ఎక్కినా కదలని గుర్రాన్ని వెంటనే వదిలేయమని చిన్నప్పుడు పద్యం బట్టీ పట్టించారు. తానే బండి ఎక్కని గుర్రం సంగతి అందులో లేదు.

నేర్చుకున్నదంతా ప్రయోగించాను. కొంచెం బిగించడం, ఒక అంగుళం ముందుకు వంగినా వదలడం. ముందు గిట్ట ఒకటి ఎత్తి ట్రైలర్ అంచున పెట్టేది, ఆ బోలు చప్పుడుకు తానే ఉలిక్కిపడి ఆరడుగులు వెనక్కి పోయేది. గంటన్నర గడిచింది. నీడలు పొడుగయ్యాయి. నా నెత్తి మీద మంట మాత్రం తగ్గలేదు.

మా ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా కారు దగ్గరికి వెళ్ళింది. వెనక తలుపు తాళం తీసి టోపీ తెచ్చింది. ట్రైలర్ పక్క తలుపులోంచి లోపలికెక్కి, ముందువైపు గోడకున్న కొక్కేనికి తగిలించి దిగింది.

శాంతమూర్తి రెండు చెవులూ ఒకేసారి ముందుకు నిలబడ్డాయి. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. ఒక గిట్ట, ధన్. రెండో గిట్ట, ధన్. క్షణం ఆగింది. వెనక గిట్టలు రెండూ ఎక్కేసరికి ట్రైలర్ కిర్రుమంది. లోపలి నుంచి కొక్కెం చప్పుడు వినిపించింది. నేను తలుపు మూసి గడియ వేశాను.

ఇంటికి చేరి తలుపు తీసేసరికి చీకటి పడింది. టార్చిలైటు వెలుతురులో శాంతమూర్తి తాపీగా నిలబడి ఉంది, నోట్లో టోపీతో. అంచు ఒక పక్క అరిటాకులా చీలికలై వేలాడుతోంది గానీ, మిగతాది కుట్టిస్తే పనికొచ్చేలాగే ఉంది. ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి చాచి టోపీ అంచు పట్టుకున్నాను. అది వదల్లేదు. నేను కొంచెం బిగించాను. అదీ కొంచెం బిగించి, చెవులు ముందుకు పెట్టి, నా ముఖంలోకి ఓపికగా చూసింది.

ఎంతసేపని నిలబడతాం?

"పన్నెండు" అంది మా ఆవిడ.