సొంత విమానానికి ఏ ఇంజిన్: అసలు లెక్క ఇంజిన్ చుట్టూ ఉంది

సొంత చేతులతో విమానం కట్టుకునేవారు రెక్కల మీద, తోక మీద ఏళ్ల తరబడి శ్రమిస్తారు గానీ, వారి వాదోపవాదాలు చివరికి ముక్కు భాగంలో బిగించే ఇంజిన్ దగ్గరికే చేరుతాయి. లైకమింగ్, కాంటినెంటల్, రోటాక్స్ వంటి విమాన ఇంజిన్లు తప్ప మరొకటి తలపెట్టడమే తప్పని ఒక పక్షం అంటుంది. సుబారు, మాజ్డా, ఫోక్స్‌వ్యాగన్, కార్వెయిర్ వంటి కారు ఇంజిన్లను మలచుకుంటే తక్కువ ఖర్చుతో మంచి ఇంజిన్ చేతికొస్తుందని రెండో పక్షం వాదిస్తుంది. ఇరుపక్షాలూ ఇంజిన్ నాణ్యత గురించే మాట్లాడుతున్నాయి. ఇంజిన్ చుట్టూ ఉండే వ్యవస్థలను ఎవరు రూపొందించారు, వాటి లోపాలు ఇప్పటికే ఎవరి విమానాల్లో బయటపడి సరిదిద్దబడ్డాయి అన్న రెండు ప్రశ్నలతోనే ఈ ఎంపిక తేలుతుందని నా అభిప్రాయం.

కారు ఇంజిన్ బలహీనమైనదన్న మాటలో పెద్దగా పస లేదు. రహదారి మీద నిలకడగా సాగే కారు తన ఇంజిన్ పూర్తి శక్తిలో చిన్న వంతే వాడుకుంటుందని, విమానం మాత్రం గంటల తరబడి 65 నుంచి 75 శాతం శక్తిని కోరుతుందని చెప్పడం నిజమే. అయినా పోర్షే సంస్థ 1980ల్లో తన 911 కారు ఇంజిన్ ఆధారంగా రూపొందించిన విమాన ఇంజిన్‌కు విమానయాన అధికారుల ధ్రువీకరణ సాధించింది. అది మార్కెట్లో నిలవలేకపోవడం వేరే కథ. లోహం ఆ భారాన్ని మోయగలదు. చిక్కు మొదలయ్యేది ఆ శక్తిని ప్రొపెల్లర్‌కు చేర్చే చోట.

1.83 మీటర్ల వ్యాసం గల ప్రొపెల్లర్ నిమిషానికి 2700 చుట్లు తిరిగితే దాని కొస వేగం సెకనుకు సుమారు 259 మీటర్లు. అది ధ్వని వేగానికి సురక్షితమైన దూరంలోనే ఉంటుంది. లైకమింగ్ ఓ-320, ఓ-360 ఇంజిన్లు సరిగ్గా ఆ వేగం దగ్గరే పూర్తి శక్తినిస్తాయి కాబట్టి ప్రొపెల్లర్‌ను నేరుగా క్రాంక్‌షాఫ్ట్‌కే, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసుకే, బిగిస్తారు. నిమిషానికి 5000 చుట్ల దగ్గర శక్తినిచ్చే కారు ఇంజిన్‌కు అదే ప్రొపెల్లర్‌ను నేరుగా తగిలిస్తే కొస వేగం సెకనుకు 479 మీటర్లకు, అంటే ధ్వని వేగాన్ని బాగా మించిపోతుంది. అందుకే మధ్యలో వేగం తగ్గించే గేర్‌బాక్స్ గానీ బెల్టు గానీ తప్పనిసరి అవుతుంది.

ముందున్న ముసళ్ల పండగ ఇక్కడే. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు దహనపు దెబ్బ తింటుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య వెంట్రుకవాసి మెలితిరిగి మళ్లీ సర్దుకుంటుంది. కారులో ఆ అదురును బరువైన ఫ్లైవీల్, క్లచ్ స్ప్రింగులు మింగేస్తాయి. విమానంలో క్రాంక్‌షాఫ్ట్, గేర్లు, ప్రొపెల్లర్ కలిసి ఒకే గొలుసవుతాయి, ఆ గొలుసుకు తనదైన సహజ కంపన వేగం ఉంటుంది. ఇంజిన్ దెబ్బల లయ దానితో కలిసిన చోట మెలికలు పెచ్చుమీరి గేరు పళ్లు రాలవచ్చు, షాఫ్టే విరగవచ్చు. పైలట్ కూర్చున్న చోటికి ఇది అదురుగా తెలియాలన్న నియమం కూడా లేదు. ప్రొపెల్లర్‌ను మార్చినా ఈ లెక్క మారిపోతుంది కాబట్టి, ఒక ప్రొపెల్లర్‌తో ఇబ్బంది లేకుండా ఎగిరిన గేర్‌బాక్స్ బరువైన మరో ప్రొపెల్లర్‌తోనూ నిలుస్తుందన్న హామీ లేదు. గేర్ల గొడవ లేకుండా నేరుగా తిరిగే కార్వెయిర్ ఇంజిన్లలోనూ, కారు కోసం చేసిన క్రాంక్‌షాఫ్ట్ ప్రొపెల్లర్ వంపు భారాన్ని మోయలేక విరిగిన సందర్భాలున్నాయి. ఆ తర్వాతే ముందు భాగంలో అదనపు బేరింగ్ అమర్చడం అలవాటైంది.

విద్యుత్తుది మరో కథ. సంప్రదాయ ఇంజిన్‌లో ఇంధనాన్ని మండించే నిప్పురవ్వను అందించే రెండు మాగ్నెటోలు తమ విద్యుత్తును తామే పుట్టించుకుంటాయి, బ్యాటరీ చచ్చినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. కారు ఇంజిన్‌కు నియంత్రణ కంప్యూటర్, ఇంధన పంపు, ఇగ్నిషన్ అన్నీ ఒకే విద్యుత్ వ్యవస్థ మీద ఆధారపడతాయి. విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటర్ ఆగిన క్షణం నుంచి బ్యాటరీలో మిగిలినదే ఆయుష్షు. రెండో బ్యాటరీ, రెండో పంపు, వాటిని కలిపే స్విచ్చులు అన్నీ విమానం కట్టుకునేవాడే ఆలోచించి అమర్చుకోవాలి. రేడియేటర్ ఎక్కడ పెట్టాలన్నదీ అతని నెత్తినే పడుతుంది.

అమెరికా నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు 2012లో వెలువరించిన అధ్యయనం సొంతంగా కట్టిన విమానాల ప్రమాదాల్లో ఇంజిన్ వైఫల్యం, గాలిలో అదుపు తప్పడం అన్నవే ప్రధానమైనవని తేల్చింది. అక్కడి నిబంధనల సంప్రదాయమూ ఈ తేడాను గుర్తిస్తుంది: ధ్రువీకరించిన ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీకి తొలి దశ పరీక్షా ప్రయాణం 25 గంటలైతే, తక్కినవాటికి 40 గంటలు.

సంప్రదాయ ఇంజిన్లు మచ్చలేనివని దీనికి అర్థం కాదు. 2002లో లైకమింగ్ తన పెద్ద టర్బో ఇంజిన్ల క్రాంక్‌షాఫ్ట్‌లను మార్చాల్సి వచ్చింది. విమానాల కోసమే పుట్టిన జబీరు ఇంజిన్ల మీద వరుస వైఫల్యాల కారణంగా ఆస్ట్రేలియా పౌర విమానయాన సంస్థ 2014 చివర్లో ఆంక్షలు పెట్టింది. విమానం కట్టుకునేవారు పట్టించుకోని చిక్కు మరొకటుంది. లైకమింగ్ ఇంజిన్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఇంజిన్ ఊరికే పడి ఉంటే నూనె కిందికి జారిపోయి క్యామ్ మీద తుప్పు పడుతుంది. విమానం సగం కూడా కాకముందే మంచి బేరం దొరికిందని ఇంజిన్ కొని షెడ్డులో అయిదారేళ్లు ఉంచినవారు ధ్రువీకరణ పత్రంతోపాటు ఆ తుప్పునూ భద్రంగా దాచుకున్నట్టే. ఇంజిన్ కొనుగోలు చివరి పని కావాలి.

ఈ చర్చలో నాకు ఎక్కువ నేర్పిన ఉదాహరణ రోటాక్స్ 912. కారు ఇంజిన్ల మీద వేసే అభాండాలన్నీ దానికీ వర్తిస్తాయి: నిమిషానికి 5800 చుట్లు, 2.43 నిష్పత్తి గల గేర్‌బాక్స్, నీటితో చల్లబడే సిలిండర్ తలలు. తొలినాళ్లలో తక్కువగా ఉన్న దాని ఓవర్‌హాల్ గడువు (పూర్తిగా విప్పి బాగుచేసే వరకు ఇంజిన్ నడవగల గంటలు), వేలాది విమానాల అనుభవం పోగైన కొద్దీ 2000 గంటలకు పెరిగింది. గేర్‌బాక్స్‌ను, ఇంజిన్‌ను ఒకే సంస్థ కలిపి రూపొందించడం, లోపం బయటపడినప్పుడల్లా అందరికీ సూచన వెళ్లడం దాన్ని నిలబెట్టాయి. లైకమింగ్ నమూనాలోనే ధ్రువీకరణ లేకుండా తయారయ్యే ఇంజిన్ల బలమూ ఇదే. కాగితం లేకపోయినా దశాబ్దాల అనుభవం వాటి వెనక ఉంది. ఒక వైపు మాగ్నెటో ఉంచి, రెండో వైపు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవడం వంటి మెరుగులకు అక్కడ చోటుంది. చాలామందికి నేను సూచించే దారి అదే.

ఇంజిన్‌తో కుస్తీ పట్టడమే ఇష్టమైనవారిని ఆపనక్కర లేదు. బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజిన్‌తో తన ఎయిర్ క్యాంపర్‌ను ఎగరేసిన కాలం నుంచీ ఆ సంప్రదాయం ఉన్నదే. అయితే కొత్త ఇంజిన్‌ను తొలిసారి ఎగిరే విమానంలో, ఆ రకం విమానం అలవాటు లేని పైలట్ చేతికి ఇవ్వడం ఒకేసారి మూడు ప్రయోగాలు చేయడమే. ఇప్పటికే బాగా ఎగురుతున్న విమాన నమూనానే తీసుకోవాలి, నేల మీద గంటల తరబడి పూర్తి శక్తితో నడిపి చూడాలి, గేర్‌బాక్స్‌ను గడువు రాకముందే విప్పి పళ్లు పరిశీలించాలి. పైన చెప్పిన అధ్యయనంలోనే 2011 ప్రమాదాల్లో సగానికి పైగా విమానాలు కట్టినవారి నుంచి ఇతరులు కొన్నవని తేలింది. కాబట్టి ఒకే ఒక్క విమానంలో ఉండే ఏర్పాటును కట్టినవారు, ప్రతి తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే పటాన్ని, ఇంధన మార్గపు చిత్రాన్ని, మార్చిన ప్రతి భాగం లెక్కను విమానంతోపాటు అప్పగించాలి. అవి లేని విమానాన్ని కొనేవారు ఇంజిన్‌కు విలువ కట్టకుండా, మళ్లీ కొత్తగా అమర్చుకోవాలన్న లెక్కతోనే బేరమాడటం మంచిది.