చెక్క భక్తులకో దండం

సెకండ్ హ్యాండ్‌లో ఒక బేస్ గిటార్ కంటబడింది. ఐబనెజ్ కంపెనీ ఎర్గోడైన్ మోడల్, లుథైట్ బాడీ. అంటే చెక్క కాదు, అచ్చుపోసిన సింథటిక్. ఆ ఒంపులు నాకు తెగ నచ్చేశాయి. నచ్చితే నోరు మూసుకుని కొనుక్కోవాలా, ఫొటో తీసుకెళ్ళి బ్యాండ్ గ్రూపులో పెట్టాను. మా గిటారిస్టు మహానుభావుడు క్షణంలో ఊడిపడ్డాడు. "ప్లాస్టిక్ బొమ్మ కొంటున్నావేంట్రా? చెక్క లేకుండా టోన్ ఎక్కడినుంచి వస్తుంది?"

టోనట, అంటే నాదం తీరు! వీడి గిటార్ సౌండు కాళ్ళ దగ్గర పరిచిన ఎఫెక్ట్ పెడళ్ళన్నీ దాటుకుని, పీకలదాకా డిస్టార్షన్ (సౌండుని గరుకుచేసే ఎఫెక్ట్) తాగి బయటికొస్తుంది. అందులో ఆల్డర్ చెక్క ఏదో మహాగని చెక్క ఏదో వీడికి విడివిడిగా వినిపిస్తాయి కాబోలు.

అంతటితో ఆగినా బాగుండేది. రుజువంటూ రెండు ఆడియో క్లిప్పులు పంపాడు, చెక్క బేస్ ఒకటి, సింథటిక్‌ది ఒకటి. "తేడా విను, ఆ వెచ్చదనం విను" అన్నాడు. దేంట్లో విన్నావురా అంటే, ఫోన్ స్పీకర్లో! బాబూ, బేస్ మీద ఓపెన్ ఇ తీగ మోగేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర. నీ ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగనే దిగదు. అసలు స్వరం వినకుండా దానితోపాటు పుట్టి పైన తేలే సన్నటి స్వరాలు, ఓవర్‌టోన్లు విని వెచ్చదనం అంటున్నావు. పైగా ఆ రెండింటిలో తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్పులు వేరు, స్ట్రింగ్స్ వేరు, వాయించిన మనిషి కూడా వేరు. తేడా వచ్చింది మాత్రం చెక్క వల్ల!

1950ల్లోనే డానెలెక్ట్రో కంపెనీ వాళ్ళు మేసనైట్ అట్టతో గిటార్లు చేసి అమ్మారు. 1980ల మొదట్లో నెడ్ స్టైన్‌బర్గర్ అనే డిజైనర్ తల లేని బేస్‌ని కార్బన్ ఫైబర్, గ్రాఫైట్, రెజిన్‌లతో తయారుచేస్తే, రష్ బ్యాండ్ బేసిస్టు గెడ్డీ లీ అంతటివాడు దాన్ని మెళ్ళో వేసుకుని స్టేజీ ఎక్కాడు. పాపం ఆయనకు టోన్ తెలియదు, మావాడికే తెలుసు.

సెకండ్ హ్యాండ్‌లో ముందు చూడాల్సింది నెక్, అంటే తీగల కింద ఉండే పొడుగాటి మెడ. ఇ తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోట ఇంకో చేత్తో నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు చూడాలి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే హాయి. తీగ ఫ్రెట్‌కి అంటుకుపోయినా, సందు మరీ ఎక్కువున్నా నెక్ లోపల దాని వంపుని సరిచేసే కడ్డీ, ట్రస్ రాడ్‌కి పని చెప్పాలి. దాని నట్టు తిప్పీ తిప్పీ అరిగి గుండ్రమైపోయిందంటే బేరం వదిలేసి ఇంటికి రావడమే. జి తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య నోటు మోగీ మోగకముందే చచ్చిపోతోందా? వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటోందా? ఇవీ అడగాల్సినవి. అమ్మేవాళ్ళు మాత్రం బాడీ మీద చెక్క గీతలు మెరిసేలా ఎండలో పెట్టి ఫొటోలు తీస్తారు. నెక్‌ని పక్కనుంచి ఒక్కటి తియ్యండి బాబూ అంటే పత్తా ఉండరు.

చెక్కతో లాభమే లేదా అంటే, ఉంది. స్ట్రాప్ బటన్ స్క్రూ రంధ్రం వదులైతే టూత్‌పిక్కులు, వుడ్ గ్లూ పెట్టి బిగించేసుకోవచ్చు. లుథైట్‌లో అది అంత సులువు కాదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే వాడికి నిజంగానే దండం పెట్టేవాణ్ణి. చెబితేగా!

అసలు బేస్ సంగతి గిటారిస్టుకెందుకు? "నాలుగు తీగలేగా, ఎవడైనా వాయిస్తాడు" అని నలుగురిలో నవ్వింది వీడే. పోయిన షోలో సౌండ్ చెక్ సమయమంతా తన సోలోకి మింగేసి, నా వంతు వచ్చేసరికి "టైమైపోయింది" అనిపించిందీ వీడే. పాట మధ్యలో తన ఆంప్ పెంచుకుని, సౌండ్ చూసే ఆయన దగ్గరికెళ్ళి "బేస్ ముద్దగా ఉంది, తగ్గించండి" అని చెవిలో ఊదిందీ వీడే. తర్వాత రికార్డింగ్ చూస్తే నా వేళ్ళు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఆ రోజు నేను వాయించింది నిఖార్సైన ఆష్ చెక్క బేస్. ఏం లాభం? డ్రమ్మర్‌కి కూడా వినపడలేదు.

ఒరేయ్, వచ్చే షోలో మళ్ళీ ఆ సౌండాయన చెవి దగ్గరికి వెళ్ళి చూడు. ముందు నీ ఆంప్ ప్లగ్గు పీకి, టోన్ గురించి తర్వాత మాట్లాడతా.