సవరణ: పదేళ్ల కార్డు అందరికీ రాదు

మొన్న రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. అమెరికా సిటిజన్‌ని పెళ్లి చేసుకుంటే నేరుగా పదేళ్ల గ్రీన్‌కార్డే వస్తుందన్నాను, అది తప్పు. ఇమ్మిగ్రెంట్ వీసా (అక్కడే స్థిరపడటానికి ఇచ్చే వీసా) మీద అక్కడ దిగే రోజుకి పెళ్లయి 2 ఏళ్లు నిండకపోతే వచ్చేది 2 ఏళ్ల షరతుల కార్డే. లెక్క వీసా ఇంటర్వ్యూ రోజుకి కాదు, దిగిన రోజుకి. మా చిన్నమ్మ బిడ్డ మిర్యాలగూడలో పెళ్లయిన ఏడాదిన్నరకే విమానమెక్కింది, ఆమెకి వచ్చిందీ అదే, నేనే సరిగా చూడలేదు. ఆ కార్డు గడువు ముగిసే ముందు 90 రోజుల్లో మొగుడూపెళ్లాం కలిసి ఐ-751 (కార్డు మీది షరతులు తీసేయమని అడిగే ఫారం) వేయాలి, వేయకపోతే అక్కడ ఉండే హక్కే పోతుంది. పెళ్లి నిజమైందేనని చూపడానికి జాయింట్ బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె అగ్రిమెంటు లాంటి కాగితాలు మొదటి నుంచే దాచుకోండి, పెళ్లి ఆల్బమ్ ఒక్కటే చాలదు. కలిసి కాపురం చేస్తుంటే గ్రీన్‌కార్డు వచ్చిన 3 ఏళ్లకు పౌరసత్వానికి అప్లై చేయొచ్చన్నది మాత్రం కరెక్టే, ఈ రెండేళ్లూ అందులో కలుస్తాయి.