డ్రాగన్ ఏ శాఖ?

పొద్దున జరిగింది. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి.

సెలవులకు మహారాష్ట్రలో గోదావరి పక్కనున్న సిరొంచలోని మా ఇంటికి వచ్చిన మేనల్లుడు కంప్యూటర్లో ఏదో మాయారాజ్యం ఆట తయారుచేస్తున్నాడు. రాజధాని జనాభా అరవై. అందులో నలభైమంది కాపలా భటులు. పూటకూళ్ల ఇళ్లు మూడు. "మరి వడ్లు పండించేదెవరురా?" అన్నాను. నోరు మూసుకోవలసింది. 1086లో ఇంగ్లండు రాజు లెక్కలు రాయించిన నాడు అక్కడ చదరపు కిలోమీటరుకు పదిహేనుమందికి అటూ ఇటూగా ఉండేవారని చరిత్రకారుల అంచనా. అడవి జిల్లా అనిపించుకున్న మన గడ్చిరోలిలోనే 2011లో 74 మంది. ఇదంతా ఏకరువు పెట్టి, వాడి రాజ్యాన్ని మన జిల్లా అంత, అంటే 14,412 చదరపు కిలోమీటర్లు చేసి, 2,16,180 మందిని ఊరూరా సర్దేసరికి తెల్లవారింది.

ఆ ఊళ్ల పట్టికకు జిరాక్సు షాపులో మూడు కాపీలు అడిగాను. సాత్‌బారా, అంటే పొలం ఎవరిదో చెప్పే కాగితాలతో అప్పటికే పదిమంది నిలబడి ఉన్నారు. తీసిన కాగితం చేతికివ్వడానికి షాపువాడికి ఏం రోగమో, గట్టిగా చదివాడు: "నదివాడ. ఇళ్లు 90. ముందు 430 మంది, తర్వాత సున్నా."

గోదావరి ఒడ్డున "తర్వాత" అనే మాట ఊరికే అనకూడదు. బ్యారేజీ నీళ్లకు పొలాలు మునిగినవాళ్లు ఆ వరుసలోనే ఉన్నారు. అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. తెల్ల తలపాగా తాత ఒకాయన నా చొక్కా మొదలు చెప్పుల దాకా పరిశీలించాడు.

"కొత్త తలాఠీగారా?" అన్నాడు. ఊరి భూముల లెక్కలు రాసే సర్కారు ఉద్యోగిని ఇక్కడ అలా అంటారు.

"కాదు తాతా, ఇది ఆట."

"ఆటకు ఊళ్లు ఖాళీ చేయిస్తారా?"

"చేయించేది నేను కాదు, డ్రాగన్."

"అది ఏ శాఖ?"

రెక్కలుంటాయనీ, నిప్పులు కక్కుతుందనీ చేతులు చాపి మరీ చూపించాను. నా మోచేయి తగిలి ఎవరివో కాగితాలు కిందపడ్డాయి. తాత ఓపికగా విన్నాడు.

"ముందుగా నోటీసు ఇస్తుందా?"

"ఇవ్వదు."

"అయితే సర్కారుదే," అని కాగితం లాక్కుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "ఇందులో పశువుల లెక్క ఏదీ? ఎడ్లు లేకుండా 430 మంది ఏం తిన్నారు?"

రాత్రంతా కూర్చున్నాం, ఒక్క ఎద్దును కూడా రాయలేదు. మేనల్లుడు నా వైపు చూసిన చూపు ఇప్పట్లో మరిచిపోలేను.

డబ్బులిచ్చేటప్పుడు చూస్తే నాలుగు కాపీలకు లెక్క కట్టాడు. నా చేతిలో ఉన్నవి మూడే. నాలుగోది ఎవరికిచ్చావని అడిగితే, "తహసీలు ఆఫీసుకు వెళుతున్న వాళ్లెవరో అడిగారు సార్," అన్నాడు.