సెంగన్‌ఎన్‌లో ముందు కొలిమి, తర్వాతే తోట

జపాన్‌లోని క్యూషు దీవి దక్షిణ కొసన, కగోషిమా నగరంలో ఉంది సెంగన్‌ఎన్. ఒకప్పుడు సత్సుమా ప్రాంతాన్ని ఏలిన షిమజు వంశం వారి విడిది. 1658లో మిత్సుహిసా అనే ప్రభువు కట్టించాడు. టికెట్ తీసుకున్నవాళ్లు చాలామంది నేరుగా సముద్రం కనిపించే వైపు నడుస్తారు. తప్పు పట్టలేం. జపాన్ తోటల్లో మామూలుగా చిన్న గుట్ట పోసి, చిన్న చెరువు తవ్వుతారు. ఇక్కడ గుట్ట పని సకురజిమా అగ్నిపర్వతానికి, చెరువు పని కింకో అఖాతానికి అప్పగించారు. ఆ కొండ ఇప్పటికీ పొగ కక్కుతూనే ఉంటుంది. ఫొటోకు అంతకంటే ఏం కావాలి?

కానీ నా సలహా వేరు. ఆ వ్యూ ఎక్కడికీ పోదు, కాసేపు ఆగండి. ప్రవేశ ద్వారానికి దగ్గర్లోనే ఒక రాతి పునాది ఉంది. ఫిరంగులు పోయడానికి ఇనుము కరిగించిన కొలిమి తాలూకు పునాది అది. 1851లో గద్దెనెక్కిన షిమజు నరియాకిర, పాశ్చాత్యుల నౌకలకు భయపడి, డచ్ పుస్తకం అనువాదం ముందు పెట్టుకుని దీన్ని కట్టించాడు. చూపించడానికి విదేశీ ఇంజినీరు ఎవరూ లేరు. మొదటిది విఫలమైంది, రెండోది పనిచేసింది. దగ్గరికి వెళ్లి చూస్తే రాళ్లు కోటగోడలో పేర్చినంత బిగువుగా ఉంటాయి. కింద నుంచి తేమ రాకుండా గాలి ఆడటానికి సందులు వదిలారు. వేడికి తట్టుకునే ఇటుకలు చేసింది కుండలు, పింగాణీ చేసే స్థానిక కుమ్మరులు.

అక్కడితో ఆగలేదు. గాజు, నౌకలు, నూలు అన్నీ మొదలుపెట్టాడు. 1857లో తోటలోని రాతి దీపంలో గ్యాస్ వెలిగించి చూశాడు. ఆ దీపం ఇంకా ఉంది. కొలిమి చూసి వచ్చినవాళ్లకే అది అక్కడ ఎందుకుందో అర్థమవుతుంది. మరుసటి ఏడాదే ఆయన పోయాడు. 1863లో బ్రిటిష్ నౌకలు కగోషిమాపై ఫిరంగి గుండ్ల వర్షం కురిపించినప్పుడు ఫ్యాక్టరీలు తగలబడ్డాయి. విచిత్రమేమంటే, ఆ దెబ్బ తిన్నాక సత్సుమా వాళ్లు అదే బ్రిటన్‌తో స్నేహం చేశారు. 1865లో కుర్రాళ్లను గుట్టుగా అక్కడికి చదువుకు పంపారు, యంత్రాలు కొన్నారు. అదే ఏడాది రాతితో కట్టిన యంత్రశాలే ఇప్పుడు పక్కనున్న షోకో షుసెయికాన్ మ్యూజియం. 2015లో యునెస్కో ఈ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా పారిశ్రామిక చరిత్ర కోసమే, పూలమొక్కల కోసం కాదు.

ఇక అసలు ప్రశ్న: డబ్బెక్కడిది? నరియాకిరకు ముందు సత్సుమా పీకల్లోతు అప్పుల్లో ఉంది. సుమారు 50 లక్షల ర్యో (అప్పటి జపాన్ బంగారు నాణెం). జుషో హిరోసాతో అనే అధికారి వడ్డీ వ్యాపారులను 250 ఏళ్ల వాయిదాలకు ఒప్పించాడు. అది అప్పు తీర్చడమా, ఎగ్గొట్టడమా అన్నది మీరే తేల్చుకోండి. ఖజానా నింపింది మాత్రం అమామి దీవుల నల్లబెల్లం. 1609లో ర్యుక్యూ రాజ్యాన్ని (నేటి ఒకినావా) ఓడించి లాక్కున్న దీవులవి. అక్కడి రైతులతో బలవంతంగా చెరకు వేయించారు, తయారైన బెల్లమంతా ప్రభుత్వానికే ఇవ్వాలన్నారు. చాటుగా అమ్మితే మరణదండన దాకా ఉండేది.

తోటలో బోగకురో అనే మంటపం ఉంది. ర్యుక్యూ రాజు ఇచ్చిన కానుక అని చెబుతారు. ఓడిపోయినవాడు గెలిచినవాడికి ఇచ్చింది కానుకేనా అని నాకు అనుమానం. నేల మీద పరిచిన పలకలు మాత్రం చాలా అందంగా ఉంటాయి, కాదనను.

ఈ విడిదినీ మ్యూజియాన్నీ నేటికీ షిమజు కుటుంబ సంస్థే నడుపుతోంది. వాళ్ల వంశం కథ వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, అది సహజం. చెరకు వైపు కథ కావాలంటే మాత్రం కగోషిమా రేవులో సాయంత్రం ఓడ ఎక్కాలి. మర్నాడు తెల్లవారకముందే అమామి ఒషిమాలో దిగుతారు. చెరకూ, నల్లబెల్లమూ అక్కడ ఇప్పటికీ ఉన్నాయి.