33 శాతం గారికి ఒక కౌలు రైతు రాయునది

గౌరవనీయులైన 33 శాతం గారికి,

బాపట్ల దగ్గర ఒక ఊరి నుంచి కౌలు రైతు నమస్కరించి రాయునదేమనగా, ఇక్కడ మేము క్షేమంగా లేము. మీరు మాత్రం క్షేమమేనని ప్రతి తుఫానుకీ తెలుస్తూనే ఉంది.

ఎంత పంట పోతే సర్కారు సాయం అందాలో తేల్చే కుర్చీలోంచి మీ అన్నగారు 50 శాతం గారు 2015లో దిగిపోయాక, అందులో మీరు కూర్చున్నారు. సగం పంట పోతేగానీ ఆయన రైతు మొహం చూసేవారు కాదు. మీరు దయామయులు, మూడో వంతుకే కరుణిస్తారు. పదో తరగతిలో 35 వస్తే పాసు, మీ దగ్గర 33 పోతే పాసు. 32 పోయినవాడు ఫెయిలు. గ్రేసు మార్కులు లేవు. సప్లిమెంటరీ రాసుకోవాలంటే మళ్ళీ తుఫాను రావాలి.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన బీపీటీ వరి చేను నీళ్ళలో పడుకుంది. కంకిలోనే మొలకలొచ్చాయి. గట్టుకి గండి కొట్టి నీళ్ళు వదిలాం. పడిన దుబ్బుల్ని లేపి నాలుగేసి కలిపి కట్టాం. మొలక ఆగాలంటే లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కలిపి కొట్టమన్నారు, అదీ కొట్టాం. నీళ్ళు దిగాక పంట నష్టం లెక్క రాసుకునే అబ్బాయి వచ్చాడు. గట్టు మీద నిలబడి చూస్తే ఏముంది, చేను నిటారుగా ఉంది! "ఇది 33 రాదండీ" అన్నాడు. పక్క చేను ఆయన ఏమీ చెయ్యకుండా ఇంట్లో కూర్చున్నాడు, ఆయన పాసయ్యాడు. (అబ్బాయిని అనుకోకూడదు లెండి, ఫోన్లో గడులు నింపడానికే అతని ప్రాణం పోతోంది.)

గింజ నల్లబడింది కదా అంటే అది మీ పరిధి కాదట. కొనే ఆయన పరిధట. ఆయన గుప్పెడు గింజలు అరచేతిలో వేసుకుని, ఊది, బస్తా ధరలో ఎంత కొయ్యాలో అక్కడే చెప్పేశాడు. ఏ యాప్ చూడలేదు.

పోనీ, మీరు కరుణించిన ఏడాది మాటేంటి? సాగు నాది, డబ్బు పడ్డ మెసేజ్ హైదరాబాద్‌లో ఉన్న పొలం ఆసామి ఫోన్‌కి. ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో సర్కారు రాసుకునే ఈ-క్రాప్‌లో ఆయన పేరే ఉంది మరి. సాగు చేసేది నేనని చూపించే కౌలు కార్డుకి 2019లో చట్టం చేశారు గానీ ఆసామి సంతకం పెట్టాలి. 11 నెలలకే చెల్లే కార్డది, పొలం మీద ఏ హక్కూ రాదని ఎంత చెప్పినా, సంతకం పెడితే పొలం పోతుందని ఆయనకి టెన్షన్. కౌలు బస్తాలు కొలిపించుకునేటప్పుడు మాత్రం ఆ టెన్షన్ కనపడదు.

ఇంతకీ మీరిచ్చేదెంత? 2022-26కి కేంద్రం పెట్టిన నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకు 17,000, అంటే ఎకరాకి ఏడు వేలకి వంద పైచిలుకు తక్కువ. అదీ 2 హెక్టార్ల వరకే. 2024 వరదలప్పుడు మన రాష్ట్రం వరికి ఎకరాకి 10,000 చేసింది, సంతోషం. దున్నకం, నాట్లు, ఎరువులు, కోత కలిపితే 30,000 దాటుతుంది. కౌలు వేరే.

చిన్న మనవి. ఈసారి తుఫాను ముందే మీ అంచనా చెప్పేస్తే, దుబ్బులు కట్టాలా, ఇంట్లో పడుకోవాలా అన్నది మేమూ తేల్చుకుంటాం.

ఇట్లు,
32 శాతం రైతు

తా.క.: ఈ ఉత్తరం మీద ఆసామి సంతకం లేదు. చెల్లదంటే చెప్పండి, సంక్రాంతికి ఆయన ఊరొచ్చినప్పుడు అడుగుతాను.