రెండో కంట్రోలర్ ఎవరిదో పీసీకి తెలియాలి

నలుగురు ఒకే తెర ముందు కూర్చుని గంటసేపు కార్ల పందెం ఆడారు. మధ్యలో లేచి కాసేపు అటూ ఇటూ తిరిగొచ్చారు. ఈలోగా వైర్‌లెస్ కంట్రోలర్లు బ్యాటరీ ఆదా కోసం వాటంతటవే ఆరిపోయాయి. వచ్చాక ఎవరికి తోచినప్పుడు వాళ్లు తమది ఆన్ చేసుకున్నారు. ఇప్పుడు ఎర్ర కారు నడిపినవారి చేతిలో నీలం కారు కదులుతోంది. నీలం కారు మనిషి స్టిక్ తిప్పితే పసుపు కారు గోడను గుద్దుకుంటోంది. "నాది నీకొచ్చింది, మరి నీది ఎవరికి పోయింది?" అని కాసేపు వెతుక్కుని, చివరికి నలుగురూ కంట్రోలర్లనే చేతులు మార్చుకున్నారు. యంత్రం సర్దుకోవాల్సిన చోట మనుషులు సర్దుకున్నారు. పీసీ మీద కలిసి ఆడేవాళ్లకు ఇది ఎంత అలవాటైపోయిందంటే, దీన్ని లోపం అనడం కూడా మానేశారు.

నేను మానను. ఇది లోపమే. దీనికి ఆట రాసినవాళ్లనో కంట్రోలర్ తయారుచేసినవాళ్లనో అనడం కంటే, రెంటికీ మధ్యలో కూర్చున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిలదీయాలి. ఏ పరికరం ఎప్పుడు వచ్చిందో లెక్కపెట్టడంతో తన పని అయిపోయిందని అది అనుకుంటోంది. ఆ పరికరం ఎవరి చేతిలో ఉందన్నది తనకు సంబంధించిన విషయమే కాదన్నట్టు వదిలేసింది.

కంట్రోలర్‌లో ఏం నొక్కారో ఆటకు చేరవేసే ఏర్పాటు ఎక్స్‌ఇన్‌పుట్, విండోస్‌లో చాలా ఆటలు ఇప్పటికీ దాని మీదే ఆధారపడతాయని గేమర్లకు తెలిసిందే. మైక్రోసాఫ్ట్ ఆటల యంత్రం ఎక్స్‌బాక్స్ 360తో పాటు 2005లో వచ్చింది. అందులో ఉన్నవి 4 స్లాట్లు, 0 నుంచి 3 వరకు. ఆట అడిగేది ఒక్కటే: "0వ స్లాట్‌లో ఏ బటన్ నొక్కి ఉంది?" ఆ స్లాట్‌లో కూర్చున్నది నిన్నటి నల్ల కంట్రోలరా, ఇవాళ కొత్తగా తగిలించిన తెల్లదా అన్నది ఆ జవాబులో ఉండదు. ముందొచ్చిన వాళ్లకు ముందు సీటు. పీసీ రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటి నుంచి.

దానికి ముందున్న డైరెక్ట్‌ఇన్‌పుట్ ఈ విషయంలో మెరుగ్గా ఉండేదని చెబితే చాలామంది నమ్మరు. అది తగిలించిన ప్రతి పరికరానికీ ఆ కంప్యూటర్ వరకు చెల్లే ఒక గుర్తు ఇచ్చేది. ఆట ఆ గుర్తును ఫైల్లో దాచుకుని మరునాడు అదే పరికరాన్ని వెతుక్కోగలిగేది. కాకపోతే వాడటం కష్టం. ఏ బటన్ ఏదో ప్రతి కంట్రోలర్‌కూ విడిగా చెప్పుకోవాలి. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ను దాని ద్వారా చదివితే రెండు ట్రిగ్గర్లూ (చూపుడువేళ్లతో లాగే మీటలు) కలిసి ఒకే అక్షంగా కనిపిస్తాయి, రెంటినీ కలిపి నొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎక్స్‌ఇన్‌పుట్ ఆ తలనొప్పి తీర్చింది, పోతూపోతూ గుర్తింపును కూడా తీసుకుపోయింది. సౌకర్యం కావాలంటే గుర్తింపు వదులుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

ఆ రోజుల్లో ఇంకొక ఆసరా ఉండేది. ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్ మధ్య బటన్ చుట్టూ నాలుగు ముక్కల పచ్చ వలయం వెలిగేది. ఏ ముక్క వెలిగితే అదే మీ నంబరు. సీటు తారుమారైనా చూడగానే తెలిసిపోయేది. 2013లో వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్ నుంచి ఆ వలయం పోయింది. ఒక్క తెల్ల లైటు మిగిలింది, ఎవరి చేతిలో చూసినా ఒకేలా. స్లాట్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు నంబరు ఉంది, అది ఎంతో చెప్పే దిక్కు లేదు.

విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల పాత ప్యానెల్ తెరిచి చూడండి. ఒకే రకం కంట్రోలర్లు రెండుంటే ఒకే పేరు రెండు వరుసల్లో కనిపిస్తుంది. పేరు మార్చుకునే వీలుండదు, పైకీ కిందకీ జరుపుకునే వీలుండదు. పాత ప్రోగ్రాముల కోసం "ఇష్టమైన పరికరం" ఎంచుకోమనే ఒక పెట్టె ఉంటుంది, కొత్త ఆటలకు దానితో పనిలేదు. ఆ తర్వాత వచ్చిన గేమ్‌ఇన్‌పుట్ లాంటి ఏపీఐలు (ఆటలు విండోస్‌తో మాట్లాడే దారులు) నాలుగు స్లాట్ల హద్దు దాటాయి, పరికరాలను విడివిడిగా గుర్తుపట్టే దారీ చూపాయి. అదంతా ప్రోగ్రామర్ల మధ్య వ్యవహారం. "ఇది ఎవరిది?" అని కూర్చున్న మనిషిని అడిగే తెర మాత్రం రాలేదు.

అందుకే ఎవరి తంటాలు వాళ్లు పడుతున్నారు. అన్నీ పీకేసి, కావలసిన వరుసలో ఒక్కొక్కటిగా తగిలించడం అందరికీ తెలిసిన చిట్కా. స్టీరింగ్ వీల్‌నో ఫ్లైట్ స్టిక్‌నో మొదటి ఆటగాడిగా లెక్కేసుకునే ఆట ఉంటే, డివైజ్ మేనేజర్‌లోకి వెళ్లి దాన్ని డిసేబుల్ చేసి రావడం ఇంకొకటి. ప్లేస్టేషన్ కంట్రోలర్ ఉన్నవాళ్లు డీఎస్4విండోస్ లాంటిది పెట్టుకుంటారు. అది అసలు కంట్రోలర్‌ను చదివి, ఎక్స్‌బాక్స్ ప్యాడ్ వేషంలో మరో కంట్రోలర్‌ను సృష్టిస్తుంది. ఆటకు అసలుదీ వేషధారీ రెండూ కనిపిస్తాయి. బటన్ ఒకసారి నొక్కితే మెనూ రెండడుగులు దూకుతుంది. అసలుదాన్ని దాచడానికి హిడ్‌హైడ్ అనే మరో సాధనం పెట్టాలి. ఆ వేషం కట్టడానికి ఆధారమైన విజెమ్‌బస్ డ్రైవర్ అభివృద్ధిని దాని కర్తలు 2023లో ఆపేశారు. లెక్కలేనంత మంది గేమర్ల అవసరం ఎవరో తీరిక వేళల్లో రాసిన డ్రైవర్ మీద నిలబడిందన్నమాట. వాళ్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఆ బరువు వాళ్ల మీద పడి ఉండాల్సింది కాదు.

ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్‌ను మెచ్చుకోవాలి. తగిలిన కంట్రోలర్ల వరుసను మార్చుకునే వీలు అది ఇచ్చింది, రకరకాల ప్యాడ్లను ఆటకు ఒకే భాషలో చూపిస్తోంది. కానీ ఆ మేలు స్టీమ్ గడప లోపలే. వేరే చోట కొన్న ఆటను దాని ద్వారా తెరిస్తే తప్ప అందదు. ఆటలు అమ్మే అంగడి చేయగలిగిన పని ఆపరేటింగ్ సిస్టమ్ చేయలేదా?

మరో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో సరుకు ఉంది, వంట లేదు. జేఎస్0, జేఎస్1 అనే నంబర్లు అక్కడా వచ్చిన వరుసనే పడతాయి. అయినా పరికరం సొంత గుర్తును బట్టీ, తగిలించిన పోర్టును బట్టీ స్థిరంగా ఉండే దారులు వ్యవస్థలోనే తయారవుతాయి. పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్ అనే భాగానికి నియమం రాయడం వచ్చినవాళ్లు ఏ కంట్రోలర్‌ను ఎలా పిలవాలో చెప్పుకోగలరు. రానివాళ్లకు? మళ్లీ కేబుళ్లు పీకడమే.

దీనికి ఇంజినీర్లు చెప్పే జవాబు నాకు తెలుసు. యూఎస్‌బీ ప్రమాణంలో సీరియల్ నంబరు తప్పనిసరి కాదు, చవక కంట్రోలర్లలో అది ఉండదు, అలాంటివి రెండు తగిలిస్తే ఏది ఏదో తేల్చలేం. కాబట్టి వచ్చిన వరుసే న్యాయం, మిగతాది ఆటలు చూసుకోవాలి, మొదట్లో "బటన్ నొక్కి చేరండి" అనే తెర పెడితే సరిపోతుంది అంటారు. పరికరం గుర్తును బయటపెడితే మనిషి జాడ తెలిసిపోతుందన్న భయం కూడా ఉంది. బ్రౌజర్లు ఈ కారణంగానే బటన్ నొక్కేదాకా కంట్రోలర్ ఉన్న సంగతి వెబ్ పేజీకి చెప్పవు.

సీరియల్ లేని మాట నిజం. కానీ బ్లూటూత్ కంట్రోలర్ ప్రతిదానికీ 48 బిట్ల సొంత చిరునామా ఉంటుంది. వైరుతో తగిలినదానికి ఏ పోర్టో తెలుసు. ఈ రెండూ చాలని చోట మనిషిని అడగొచ్చు. గోప్యత భయానికి జవాబు ఇంకా తేలిక: గుర్తును ఆపరేటింగ్ సిస్టమ్ తన దగ్గరే దాచుకుని, ఆటకు "ఇది మొదటి ఆటగాడిది" అని మాత్రమే చెబితే చాలు. ఇక "బటన్ నొక్కి చేరండి" అంటారా, ప్రతి ఆటలోనూ ప్రతిసారీ కొత్తగా చెప్పుకోవడం పరిష్కారం ఎలా అవుతుంది?

ఆటల కోసమే చేసిన యంత్రాలు, అంటే కన్సోళ్లు, దీన్ని ఏనాడో దాటేశాయి. నింటెండో స్విచ్‌లో కంట్రోలర్ల వరుస మార్చే తెర వ్యవస్థలోనే ఉంటుంది. ఎల్, ఆర్ కలిపి ఎవరు ముందు నొక్కితే వాళ్లు ఒకటి, తర్వాత నొక్కినవాళ్లు రెండు. ప్లేస్టేషన్ 4లో రెండో కంట్రోలర్ ఆన్ చేయగానే దాన్ని ఎవరు వాడుతున్నారని అడుగుతుంది. ఆ పైన కంట్రోలర్ లైటే చెబుతుంది: నీలం ఒకటి, ఎరుపు రెండు, ఆకుపచ్చ మూడు, గులాబీ నాలుగు. ఎక్స్‌బాక్స్ కన్సోల్ మీద కంట్రోలర్ ఒక ప్రొఫైల్‌కు ముడిపడి ఉంటుంది. విండోస్ తయారుచేసే కంపెనీ, ఎక్స్‌బాక్స్ తయారుచేసే కంపెనీ ఒకటే. అదే కంట్రోలర్ ఒక పెట్టె ముందు మనిషిని గుర్తుపడుతుంది, మరో పెట్టె ముందు వట్టి స్లాట్ నంబరు అవుతుంది. సాంకేతిక కారణం చూపడానికి ఇక్కడ చోటే లేదు.

అసలు తప్పు ఇంకా లోతులో ఉంది. స్లాట్ల పద్ధతి ఒక పరికరం అంటే ఒక మనిషి అనుకుంటుంది. విమానం ఆటలు ఆడేవారిని చూడండి. కుడిచేతిలో స్టిక్, ఎడమచేతిలో థ్రాటిల్, కాళ్ల కింద రడ్డర్ పెడళ్లు. మూడు పరికరాలు, మనిషి ఒక్కరే. కార్ల ఆటలో వీల్, పెడళ్లు, గేర్ షిఫ్టర్ విడివిడిగా కొన్నవాళ్లదీ అదే లెక్క. స్విచ్‌కు ఉండే జాయ్‌కాన్ అనే చిన్న కంట్రోలర్ల జతను ఇద్దరు పంచుకుంటే రెండు కంట్రోలర్లు, ఒకరే పట్టుకుంటే ఒకటి. పరికరాల లెక్కా మనుషుల లెక్కా ఎప్పుడూ ఒకటి కాలేదు. ఒకటే అనుకుని కట్టిన గోడలో పగుళ్లు రాకుండా ఎలా ఉంటాయి?

ఈ పగులు అందరికంటే ఎక్కువగా తగిలేది చేతులు పూర్తిగా సహకరించని ఆటగాళ్లకు. 2018లో వచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వెనక 19 చిన్న జాక్‌లు, పక్కల రెండు యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి. కాలితో నొక్కే పెడల్, గడ్డంతో తాకే బటన్, మోచేతి దగ్గర పెట్టుకునే స్విచ్, ఎవరి శరీరానికి తగ్గవి వాళ్లు తగిలించుకుంటారు. ఎక్స్‌బాక్స్ కన్సోల్‌లో కోపైలట్ పేరుతో వచ్చిన సదుపాయం రెండు కంట్రోలర్లను కలిపి ఒకే ఆటగాడిగా చూపిస్తుంది. ఒకటి ఆటగాడి చేతిలో, ఇంకొకటి పక్కన కూర్చున్న సోదరి చేతిలో ఉన్నా ఆటకు తేడా తెలియదు. ఎన్ని పరికరాలు కలిస్తే ఒక మనిషో చెప్పుకునే హక్కు ఇక్కడ సౌకర్యం కాదు, ఆటలోకి వచ్చే తలుపు. పీసీలో ఆ తలుపు మెట్ల పైన ఉంది, మెట్లేమో మూడు డ్రైవర్లు, రెండు యుటిలిటీలు.

కంట్రోలర్ల గురించి మొదలుపెట్టి ఎక్కడికో వెళ్తున్నానని అనిపించవచ్చు. నిజానికి నన్ను చాలాకాలంగా వేధిస్తున్న సంగతి ఇదే. పీసీ పేరులోనే "పర్సనల్" ఉంది. దాన్ని అక్షరాలా ఒక్కరి కోసం కట్టారు. రెండు మౌస్‌లు తగిలించండి, తెర మీద బాణం ఒక్కటే, ఇద్దరూ దాన్ని చెరో వైపు లాగుతారు. రెండు కీబోర్డులు తగిలించండి, ఇద్దరు కొట్టిన అక్షరాలూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. ఏ మౌస్ ఏదో విండోస్‌కు తెలియక కాదు. రా ఇన్‌పుట్ అనే ఏపీఐ విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ విడివిడిగా చెబుతూనే ఉంది. లినక్స్ వైపు తెరను నడిపే ఎక్స్ సర్వర్ 1.7లో, 2009లోనే, ఒకే తెర మీద రెండు బాణాలు తిరిగే వీలు వచ్చింది. మైక్రోసాఫ్ట్ కూడా తరగతి గదుల కోసం మల్టీపాయింట్ పేరుతో ఒకే కంప్యూటర్ ముందు పిల్లలందరికీ తలా ఒక మౌస్ ఇచ్చే ప్రోగ్రాములు రాసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ కిట్ విడుదల చేసింది. తెలివి ఉంది, దారి ఉంది. రోజువారీ డెస్క్‌టాప్‌లోకి మాత్రం ఏదీ రాలేదు. కలిసి ఆడాలంటే ఎవరి ఇంట్లో వాళ్లు, ఎవరి తెర ముందు వాళ్లు, మధ్యలో ఇంటర్నెట్. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి కంటే ఖండాల అవతల ఉన్న ఇద్దరిని గుర్తుపట్టడం యంత్రానికి తేలికైపోయింది. ఎందుకంటే వాళ్లకు ఖాతాలున్నాయి, పక్కన కూర్చున్న చెల్లికి ఉన్నది వట్టి స్లాట్.

నేను అడిగేది ఒక్క తెర. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఆట మధ్యలో కూడా, ఒక బటన్ కలయికతో తెరుచుకోవాలి. తగిలిన కంట్రోలర్లన్నీ అందులో కనిపించాలి. వాటికి పేర్లు పెట్టుకోనివ్వాలి. రెంటిని కలిపి ఒక మనిషి కింద వేసుకోనివ్వాలి, ఆడని స్టీరింగ్ వీల్‌ను పక్కకు జరపనివ్వాలి. ఒకసారి చెప్పింది రేపు పీసీ ఆన్ చేశాక కూడా గుర్తుండాలి. ఒకే రకంవి రెండుండి ఏది ఎవరిదో తెలియకపోతే, తెర మీద దాని పేరు తాకగానే ఎవరి ఒళ్లో ఉన్నది వణికితే అది వాళ్లదే. ఆ వణికే మోటార్లు ఇరవై ఏళ్లకు పైగా మన చేతుల్లోనే ఉన్నాయి.